థర్మల్ సిమ్యులేషన్‌లో డిజైన్ వేరియబుల్స్: మీ తొమ్మిదిలో నిజమైనవి మూడే

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు చెబుతాను. డక్ట్‌లో (గాలి పోయే దారిలో) 80 మి.మీ. వెడల్పు అల్యూమినియం హీట్‌సింక్ ఉంది, దాని మొత్తం ఎత్తు 35 మి.మీ. దాటకూడదు. కింద రెండు చిప్‌లు, ఒకటి 40 వాట్లు, ఇంకొకటి 15 వాట్లు. ఎదురుగా ఒక ఫ్యాన్. చిప్ వేడి తగ్గించే డిజైన్‌ను వెతకడానికి మీరు తొమ్మిదింటిని డిజైన్ వేరియబుల్స్‌గా (సాఫ్ట్‌వేర్ మార్చి చూసే విలువలుగా) పెట్టారు: ఫిన్‌ల (హీట్‌సింక్ మీద వరుసగా నిలబడే పలుచని రేకుల) సంఖ్య (24), ఫిన్ మందం (1 మి.మీ.), ఫిన్‌ల మధ్య ఖాళీ, ఫిన్ ఎత్తు (31 మి.మీ.), బేస్ మందం (4 మి.మీ.), థర్మల్ పేస్ట్ మందం (0.1 మి.మీ.), చిప్ పవర్, బయటి గాలి ఉష్ణోగ్రత (40 డిగ్రీలు), అల్యూమినియం ఉష్ణ వాహకత (200 W/m·K). అన్నిటికీ ఇప్పటి విలువకు అటూ ఇటూ 50 శాతం రేంజ్ ఇచ్చారు. రెండు రోజులు నడిచాక సగం డిజైన్లు ఫెయిలయ్యాయి. మిగిలినవాటిలో ఉత్తమం అని వచ్చినది నమ్మేలా లేదు.

సూటిగా చెబితే, సాల్వర్‌లో (లెక్క కట్టే ప్రోగ్రామ్‌లో) ఏ లోపమూ లేదు. ఆ తొమ్మిదిలో మీరు నిజంగా నిర్ణయించగలిగేవి మూడే: ఫిన్‌ల సంఖ్య, ఫిన్ మందానికీ పిచ్‌కీ (ఒక ఫిన్ మొదలు నుంచి పక్క ఫిన్ మొదలు వరకు ఉన్న దూరానికీ) మధ్య నిష్పత్తి, బేస్ మందం. ఖాళీ, ఫిన్ ఎత్తు సూత్రాల నుంచి వాటంతటవే రావాలి. పేస్ట్ మందం, పవర్, బయటి ఉష్ణోగ్రత, వాహకత మీ చేతిలో ఉన్నవి కావు, వాటిని ఆప్టిమైజేషన్‌లోంచి తీసేయండి. గాలి పోయే దిశలో బోర్డు మీద చోటు ఉంటే హీట్‌సింక్ పొడవును నాలుగోదిగా చేర్చుకోవచ్చు.

ఎందుకో వివరంగా చెబుతాను. ఈ ఫీల్డ్‌లోకి వచ్చిన కొత్తలో దాదాపు అందరం ఇక్కడే ఆగిపోతాం. ఏ సాఫ్ట్‌వేర్ మాన్యువల్ అయినా వేరియబుల్ ఎలా సృష్టించాలో చెబుతుంది గానీ దేన్ని వేరియబుల్ చేయాలో చెప్పదు.

సగం డిజైన్లు ఎందుకు ఫెయిలయ్యాయి

వెడల్పు 80 దగ్గర ఆగిపోయినప్పుడు సంఖ్య, మందం, ఖాళీ మూడూ స్వేచ్ఛగా మారలేవు. రెండు చెబితే మూడోది తేలిపోతుంది. మీరు మూడూ వదిలేశారు కాబట్టి ఒక మూల 36 ఫిన్‌లు, 1.5 మి.మీ. మందం, 3.6 మి.మీ. ఖాళీ కలిసి హీట్‌సింక్ వెడల్పు 180 మి.మీ. దగ్గరికి పోయింది. డక్ట్ గోడల్ని చీల్చుకుని బయటికి వచ్చిందన్నమాట. ఇంకో మూల 12 ఫిన్‌లు, 0.5 మి.మీ. మందం, 1.2 మి.మీ. ఖాళీతో అది 20 మి.మీ. కూడా రాలేదు. అక్కడ గాలంతా హీట్‌సింక్ పక్కనుంచి వెళ్లిపోతుంది. మొదటిది మెష్ (లెక్క కోసం జామెట్రీని చిన్న చిన్న సెల్స్‌గా విడగొట్టడం) దగ్గరే ఆగిపోతుంది. రెండోది ఆగదు, చక్కగా సాల్వ్ అయి ఒక అంకె ఇస్తుంది. నాకు భయం రెండోదాని గురించే. ఎత్తు విషయమూ ఇంతే: బేస్ 6, ఫిన్ 46.5 అయితే మొత్తం 52.5. మీ పరిమితేమో 35.

చాలామంది దీనికి ‘మొత్తం వెడల్పు 80కి సమానం కావాలి’ అని ఒక కన్‌స్ట్రెయింట్ (దాటకూడని షరతు) పెడతారు. అలా చేయకండి. అప్పుడు సాఫ్ట్‌వేర్ వందల పాయింట్లు తయారుచేసి దాదాపు అన్నిటినీ పారేస్తుంది. జామెట్రీ చెడిపోయే అవకాశమే లేకుండా వేరియబుల్స్‌ని ఎంచుకోవడం మేలు. నేను వాడే పద్ధతి ఇది:

పిచ్ = వెడల్పు ÷ (సంఖ్య − 1 + నిష్పత్తి)
మందం = నిష్పత్తి × పిచ్
ఖాళీ = పిచ్ − మందం
ఫిన్ ఎత్తు = 35 − బేస్ మందం

ఇక్కడ నిష్పత్తి అంటే మందాన్ని పిచ్‌తో భాగిస్తే వచ్చేది. మీ ఇప్పటి డిజైన్‌లో అది సుమారు 0.29. దాన్ని 0.15 నుంచి 0.45 వరకు, సంఖ్యను 14 నుంచి 36 వరకు వదలండి. ఏ జత తీసుకున్నా హీట్‌సింక్ సరిగ్గా 80 మి.మీ. వెడల్పులోనే కూర్చుంటుంది, ఖాళీ ఎప్పుడూ సున్నా కాదు. 20 ఫిన్‌లు, 0.25 నిష్పత్తి అనుకుంటే పిచ్ 4.16, మందం 1.04, ఖాళీ 3.12 వస్తాయి. కావాలంటే కాగితం మీద వేసి చూసుకోండి. ఈ సూత్రాలను ఏ సాఫ్ట్‌వేర్‌లో పెట్టినా ముందు రెండు మూడు విలువలు చేత్తో లెక్కగట్టి సరిపోల్చుకోవడం నాకు అలవాటు.

సంఖ్య పూర్ణాంకం అని సాఫ్ట్‌వేర్‌కు స్పష్టంగా చెప్పండి. చెప్పకపోతే అది 23.6 ఫిన్‌లు అని పంపుతుంది. కొన్ని టూల్స్ దాన్ని కిందికి కత్తిరిస్తాయి, కొన్ని దగ్గరి అంకెకు మారుస్తాయి, పిచ్ మాత్రం 23.6తోనే లెక్కలోకి వస్తుంది. చివరి ఫిన్ పక్కన చిన్న సందు మిగిలిపోతుంది. చూస్తే కనబడదు గానీ గాలి ఆ సందునే వెతుక్కుని పోతుంది.

రేంజ్‌ను శాతాల్లో ఇవ్వకండి

అటూ ఇటూ 50 శాతం అనేది లెక్కకు సులువు, అర్థం మాత్రం ఉండదు. వాహకత 200కి 50 శాతం పెంచితే 300. స్వచ్ఛమైన అల్యూమినియమే 237 దగ్గర ఆగిపోతుంది, కాబట్టి 300 ఉన్న అల్యూమినియం ఎక్కడా దొరకదు. ఉష్ణోగ్రతకైతే శాతం అసలు నప్పదు, సెల్సియస్‌లో సున్నా మనం పెట్టుకున్న గుర్తే కదా. రేంజ్ రెండు చోట్ల నుంచి రావాలి. ఒకటి తయారీ, రెండోది భౌతికశాస్త్రం.

తయారీ సంగతికొస్తే, ఫిన్ ఎత్తును ఖాళీతో భాగించి చూడండి. సాధారణ ఎక్స్‌ట్రూజన్‌లో (లోహాన్ని అచ్చులోంచి తోసే పద్ధతిలో) ఆ నిష్పత్తి 10 దాటితే కష్టం. మీ ఇప్పటి డిజైన్‌లో ఎత్తు 31, ఖాళీ 2.43. అంటే ఇప్పటికే 12.7 ఉంది. మీరు స్కైవింగ్‌కో (లోహపు దిమ్మె నుంచే ఫిన్‌లను చెక్కి లేపే పద్ధతి), ఫిన్‌లను విడిగా అతికించే పద్ధతికో వెళ్తున్నారా? వెళ్లకపోతే మీ బేస్‌లైన్‌నే తయారు చేయలేరు, దాని చుట్టూ ఆప్టిమైజేషన్ చేసి ప్రయోజనం లేదు. ఏ పద్ధతిలో చేయిస్తారో ముందు తేల్చుకుని, కనీస మందం, ఎత్తుకూ ఖాళీకీ గరిష్ఠ నిష్పత్తి అనే రెండు కన్‌స్ట్రెయింట్లు పెట్టండి. నేను చెప్పిన రేంజ్‌లోనే 36 ఫిన్‌లు, 0.15 మందం-పిచ్ నిష్పత్తి దగ్గర మందం 0.34 మి.మీ.కు పడిపోతుంది. జామెట్రీగా అది సరైనదే, కానీ మీ తయారీదారు ఒప్పుకోకపోవచ్చు. ఇలాంటివాటికి కన్‌స్ట్రెయింట్ సరైన చోటు. సాల్వ్ చేయకముందే సూత్రంతో తేలిపోతుంది కాబట్టి సమయమూ వృథా కాదు.

భౌతికశాస్త్రం సంగతి: మీకు ఫ్యాన్ ఉంది కాబట్టి 2, 3 మి.మీ. ఖాళీలు సబబే. ఇదే ప్రశ్నతో ఫ్యాన్ లేని డిజైన్ తెచ్చేవాళ్లకు మాత్రం ఒక మాట చెబుతాను. సహజ సంవహనంలో సరైన ఖాళీకి బార్-కోహెన్, రోసెనో 1984లో ఇచ్చిన సూత్రం ఉంది. నిలువుగా 100 మి.మీ. పొడవున్న ఫిన్‌లు గాలికంటే 40 డిగ్రీలు వేడిగా ఉంటే అది 6, 7 మి.మీ. మధ్య వస్తుంది. అలాంటప్పుడు 1 నుంచి 3 మి.మీ. రేంజ్ ఇస్తే జవాబు ఉన్న చోటు వదిలేసి వెతికినట్టే. ఫలితం రేంజ్ అంచుకు అతుక్కుని వస్తే దాన్ని ఉత్తమ డిజైన్ అనుకోకండి. ముందు ఆ అంచు ఎందుకు అక్కడ పెట్టారో చూసుకోండి.

మీ చేతిలో లేనివి

బయటి ఉష్ణోగ్రతను వేరియబుల్‌గా ఇచ్చి చిప్ ఉష్ణోగ్రత తగ్గించమని అడిగితే ఆప్టిమైజర్ 20 డిగ్రీల గాలినే ఎంచుకుంటుంది. పవర్‌ను సగానికి దించుతుంది. పేస్ట్‌ను 0.05కి పలచన చేస్తుంది. మీకు వచ్చిన ఆ నమ్మలేని ఫలితంలో ఈ మూడూ కనిష్ఠం దగ్గరే ఉండి ఉంటాయి, ఒకసారి ఆ వరుస తెరిచి చూడండి. మీరు అడిగిన ప్రశ్నకు అది సరైన జవాబే చెప్పింది.

అలాగని ఇవి ముఖ్యం కావని కాదు. 20 × 20 మి.మీ. చిప్, వాహకత 3 ఉన్న పేస్ట్, మందం 0.1 అనుకుంటే 40 వాట్ల దగ్గర పేస్ట్ ఒక్కటే 3.3 డిగ్రీలు తింటుంది. 0.15 అయితే 5 డిగ్రీలు. బిగించే స్క్రూ ఒత్తిడిలో తేడా వస్తే ఇంత మారుతుంది. కానీ ఇది అనిశ్చితి. డిజైన్ తేలాక, మొదటి మూడు నాలుగు డిజైన్ల మీద ఈ విలువలను చెడు వైపుకు జరిపి చూడాలి. ఆప్టిమైజేషన్ జరుగుతున్నంతసేపు వీటిని చెడు వైపు విలువ దగ్గరే బిగించి ఉంచండి: గాలి మీ స్పెసిఫికేషన్‌లో ఉన్న గరిష్ఠం, పవర్ గరిష్ఠం, పేస్ట్ మందమైనది.

ఇంకో లాభం కూడా ఉంది. ఫ్యాన్‌తో, రేడియేషన్ ప్రభావం తక్కువగా ఉన్నప్పుడు ఉష్ణోగ్రత పెరుగుదల పవర్‌తో దాదాపు సరళరేఖలోనే పోతుంది. ఒక్కో చిప్‌కు విడిగా పవర్ ఇచ్చి రెండు రన్‌లు చేస్తే ఆ హీట్‌సింక్‌కు ఏ పవర్ కలయికైనా కూడికతో తేల్చవచ్చు. వందల రన్‌లు అక్కర్లేదు. ఫ్యాన్ లేనప్పుడు మాత్రం ఈ కూడిక చెల్లదు. అక్కడ పవర్ రెట్టింపైతే పెరుగుదల సుమారు 1.74 రెట్లే అవుతుంది, ఎందుకంటే వేడెక్కేకొద్దీ గాలి కదలిక పెరుగుతుంది.

ఫ్యాన్‌ను ఎలా ఇచ్చారు?

మీ ప్రశ్నలో ఇది లేదు, కానీ నేనైతే మొదట చూసేది ఇదే. ఫ్యాన్‌ను స్థిరమైన ప్రవాహంగా ఇచ్చారా, ఫ్యాన్ కర్వ్‌గా (ఎదురు ఒత్తిడి పెరిగేకొద్దీ ఫ్యాన్ ఎంత గాలి ఇస్తుందో చూపే గీతగా) ఇచ్చారా? స్థిరంగా ఇస్తే ఎన్ని ఫిన్‌లు పెట్టినా అంతే గాలి దూరుతుంది. ఒత్తిడి నష్టానికి శిక్ష ఉండదు కాబట్టి ఫిన్‌లు పెరిగేకొద్దీ ఫలితం మెరుగవుతూనే ఉంటుంది. నా మొదటి ప్రాజెక్టుల్లో ఒకదానిలో ఇలాగే 44 ఫిన్‌లు ఉత్తమం అని తేలింది. నమూనా చేయించి పరీక్షిస్తే అంచనాకు మించి వేడెక్కింది. అంత ఇరుకు సందుల్లోంచి గాలి తోయడం ఆ ఫ్యాన్‌ వల్ల కాలేదు. కర్వ్ పెట్టి మళ్లీ నడిపితే 24 దగ్గర స్పష్టమైన పల్లం కనబడింది, అటు వెళ్లినా ఇటు వెళ్లినా వేడి పెరుగుతోంది. ఆ నమూనా ఖర్చు, ఆ నెల రోజులు నాకిప్పటికీ గుర్తే. ఫ్యాన్ కర్వ్ ఇచ్చాకే వేరియబుల్స్ గురించి ఆలోచించండి.

ఏది కదలాలి, ఏది కదలకూడదు

బేస్ మందం 4 నుంచి 8కి పెరిగినప్పుడు అది పైకి పెరుగుతుందా, కిందికి పెరుగుతుందా, మధ్య నుంచి రెండు వైపులా పెరుగుతుందా? వేరియబుల్ ఇచ్చే ముందు దీనికి జవాబు ఉండాలి. ఒకసారి మా టీమ్‌లో బేస్ మందం పెంచగానే ఉష్ణోగ్రత అనూహ్యంగా తగ్గింది. కారణం వెతికితే, బేస్ తన కేంద్రం నుంచి రెండు వైపులా పెరిగి 2 మి.మీ. కిందికి దిగింది. పేస్ట్ పొరను పూర్తిగా మింగి, చిప్‌లోకి కూడా చొచ్చుకుపోయింది. ఎలక్ట్రానిక్స్ కూలింగ్ టూల్స్‌లో రెండు వస్తువులు ఒకే చోట పడితే సాధారణంగా ప్రాధాన్యం ఎక్కువున్నది గెలుస్తుంది, ఎర్రర్ రాదు. అందుకే స్థానాలన్నీ గొలుసుగా రాయండి: బోర్డు పై ముఖం సున్నా, చిప్ దాని మీద, పేస్ట్ కింది ముఖం చిప్ పై ముఖానికి సమానం, బేస్ కింది ముఖం పేస్ట్ పై ముఖానికి సమానం. అంకెలు నేరుగా టైపు చేసిన చోటు ఒక్కటి మిగిలినా గొలుసు అక్కడే తెగుతుంది.

ఐస్‌పాక్ (ఎలక్ట్రానిక్స్ కూలింగ్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్) వాడుతుంటే చిన్న మాట. పాత క్లాసిక్ వెర్షన్‌లో పేరు ముందు $ పెడితేనే అది పారామీటర్ అవుతుంది. ఎలక్ట్రానిక్స్ డెస్క్‌టాప్‌లోని కొత్త దానిలో $ ఉంటే మొత్తం ప్రాజెక్టుకు చెందిన వేరియబుల్, లేకపోతే ఆ ఒక్క డిజైన్‌కే. రెండింటి మధ్య మోడల్ మార్చుకునేవాళ్లు ఇక్కడ తికమక పడుతుంటారు.

మెష్ కూడా వేరియబుల్‌తో పాటు మారాలి

మీ రేంజ్‌లో ఖాళీ 1.2 నుంచి 5.2 మి.మీ. వరకు పోతుంది. సెల్ సైజు 0.6 అని బిగించేస్తే ఇరుకు డిజైన్‌కు రెండు సెల్స్, వెడల్పు డిజైన్‌కు ఎనిమిది వస్తాయి. అంటే రెండు డిజైన్లను రెండు వేర్వేరు తూకాలతో తూస్తున్నారు. సైజు ఇవ్వకుండా సందుకు ఇన్ని సెల్స్ అని ఇవ్వండి, కనీసం నాలుగైదు.

తర్వాత ఈ చిన్న పరీక్ష చేయండి. బేస్‌లైన్ తీసుకుని నిష్పత్తిని ఒక్కో శాతం చొప్పున ఐదుసార్లు జరిపి నడపండి. ఉష్ణోగ్రత నునుపుగా జరగాలి. పైకీ కిందికీ గంతులేస్తే ఆ గంతు మెష్‌దే. గంతు 0.8 డిగ్రీలు ఉండి, మీరు వెతికే లాభం 0.5 డిగ్రీలే అయితే ఆప్టిమైజర్ మెష్ లోపాల్ని వెంటాడుతుంది. నా మట్టుకు నేను 0.2 డిగ్రీల లోపు వచ్చేదాకా ముందుకు పోను. దీనికి గంటన్నర పడుతుంది, వారాలు మిగులుతాయి.

ఫలితంగా దేన్ని కొలవాలి

స్థిరమైన ఒక పాయింట్ ఉష్ణోగ్రతను అవుట్‌పుట్‌గా పెట్టకండి. జామెట్రీ జరిగితే ఆ పాయింట్ చిప్ బయట పడవచ్చు. చిప్ అనే వస్తువు మీద గరిష్ఠాన్ని అడగండి. పక్కనే ఒత్తిడి నష్టం, ఫ్యాన్ పనిచేస్తున్న పాయింట్, హీట్‌సింక్ బరువు కూడా రాయించుకోండి. తర్వాత కావాలంటే మళ్లీ అన్ని రన్‌లు చేయాల్సి వస్తుంది.

మీకు రెండు చిప్‌లు ఉన్నాయి కాబట్టి ఇది మరీ ముఖ్యం: రెండింటి గరిష్ఠాన్ని ఒకే అంకెగా చేసి దానిమీద రెస్పాన్స్ సర్ఫేస్ (కొన్ని రన్‌ల ఫలితాల నుంచి మిగతా డిజైన్ల ఫలితాన్ని అంచనా వేసే సూత్రం) గీయకండి. ఒక చోట 40 వాట్ల చిప్ పరిమితికి దగ్గరగా ఉంటే, ఇంకో చోట గాలి ప్రవాహంలో వెనక ఉన్న 15 వాట్ల చిప్ దగ్గరవుతుంది. ఒకదాని నుంచి ఇంకోదానికి మారే చోట ఆ అంకెకు మడత పడుతుంది. క్రిగింగ్ (సర్ఫేస్ కట్టే ఒక గణాంక పద్ధతి) అయినా, ద్విఘాత సూత్రమైనా ఆ మడతను నున్నగా సాగదీసి, లేని పల్లాన్ని చూపిస్తుంది. ఒక్కో చిప్‌కు విడిగా సర్ఫేస్ కట్టండి, పరిమితికి ఎంత మిగిలిందో ఒక్కోదానికి లెక్కగట్టండి, ఆ తర్వాతే వాటిలో తక్కువది తీసుకోండి.

ఎన్ని రన్‌లు

తొమ్మిది వేరియబుల్స్, మూడేసి విలువలు, అన్ని కలయికలూ అంటే 19,683 రన్‌లు. రన్‌కు 20 నిమిషాలైతే 270 రోజులు దాటుతుంది. పొడవుతో కలిపి నాలుగు వేరియబుల్స్‌కు లాటిన్ హైపర్‌క్యూబ్ శాంప్లింగ్ (పాయింట్లను ప్రతి రేంజ్ అంతటా సమంగా పరిచే, 1979 నుంచి ఉన్న పద్ధతి, ఇప్పుడు దాదాపు ప్రతి టూల్‌లోనూ ఉంది) వాడి, వేరియబుల్‌కు పది చొప్పున 40 పాయింట్లు తీసుకోండి. ఇంకో పది పాయింట్లు సర్ఫేస్ కట్టడానికి వాడకుండా దాచి, దాన్ని పరీక్షించడానికే ఉంచండి. మొత్తం 50 రన్‌లు, సుమారు 17 గంటలు. సర్ఫేస్ చెప్పిన ఉత్తమ డిజైన్‌ను అసలు సాల్వర్‌లో తప్పకుండా నడపండి. తేడా ఒక డిగ్రీ దాటితే ఆ పాయింట్‌ను చేర్చి మళ్లీ సర్ఫేస్ కట్టండి.

ఆ 40 మొదలుపెట్టే ముందు మూలలు (ప్రతి వేరియబుల్ తన కనిష్ఠం దగ్గరో గరిష్ఠం దగ్గరో ఉండే డిజైన్లు) చూడండి. నాలుగు వేరియబుల్స్‌కు 16 మూలలు. సాల్వ్ చేయనక్కర్లేదు, జామెట్రీ, మెష్ తయారయితే చాలు. ఒక్కోదాన్ని తెరిచి కంటితో చూడండి. నేను చూసిన సెటప్ తప్పుల్లో ఎక్కువ శాతం ఇక్కడే బయటపడ్డాయి.

ఫెయిలైన రన్‌ల విషయంలో జాగ్రత్త. వాటికి 999 లాంటి పెద్ద అంకె పెట్టి సర్ఫేస్‌లోకి పంపితే చుట్టుపక్కల ఉన్న మంచి పాయింట్ల ఆకారం కూడా పాడవుతుంది. ఖాళీగా వదిలేయండి. ఫెయిలై కూడా ఫెయిలైనట్టు కనబడనివి ఇంకా ప్రమాదం. ఒక పట్టికలో మూడు వరుసల్లో ఉష్ణోగ్రత మూడో దశాంశం వరకు ఒకేలా కనబడింది, డిజైన్లేమో వేరు. మెష్ తయారుకాక ముందటి రన్ ఫలితమే మళ్లీ చదివిందని తర్వాత తేలింది. అప్పటి నుంచి ప్రతి రన్‌కు మెష్ సెల్స్ సంఖ్య, లోపలికి వచ్చిన వేడికీ బయటికి పోయిన వేడికీ తేడా, ఈ రెండూ అవుట్‌పుట్ కాలమ్‌లుగా పెడుతున్నాను. జామెట్రీ మారినా సెల్స్ సంఖ్య మారలేదంటే ఆ వరుసను నమ్మను. వేడి లెక్క 55 వాట్లలో ఒక శాతానికి మించి తప్పితే అది కన్వర్జ్ కాలేదని (లెక్క స్థిరపడలేదని) అర్థం, రెసిడ్యువల్స్ (సమీకరణాల్లో ఇంకా మిగిలిన తేడాలు) ఎంత బాగున్నా సరే.

మీ పాత రెండు రోజుల రన్‌లను పూర్తిగా పారేయకండి. వాటిలో వెడల్పు 78 నుంచి 82 మధ్య, మొత్తం ఎత్తు 35 లోపు పడినవి ఉంటే ఏరి పక్కన పెట్టండి. పవర్, గాలి ఉష్ణోగ్రత వేరుగా ఉన్నా ఫర్వాలేదు, ఉష్ణోగ్రత పెరుగుదలను మొత్తం పవర్‌తో భాగిస్తే స్థూలంగా పోల్చుకోవచ్చు, రెండు చిప్‌ల పవర్ ఒకే నిష్పత్తిలో మారి ఉంటే. కొత్త సర్ఫేస్ ఏ దిశలో మొగ్గుతోందో సరిచూసుకోవడానికి అవి పనికొస్తాయి. ఫ్యాన్‌ను స్థిర ప్రవాహంగా ఇచ్చి ఉంటే మాత్రం అవీ పనికిరావు. కాబట్టి ముందు ఫ్యాన్ ఎలా ఇచ్చారో చూసి, ఆ కర్వ్‌నూ, చిప్‌ల ఉష్ణోగ్రత పరిమితులనూ ఇక్కడ రాయండి. సంఖ్యకు పై అంచు 36 ఉండాలా, ఇంకా తగ్గించవచ్చా అన్నది ఆ రెండూ చూస్తే చెప్పగలను.